గబ్బిలాల మేడమ్, చుక్కలమ్మ, ఆరేళ్ళ జ్వరాలు

పరిశోధనాలయం మూడో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడంచేతివైపు గది చుక్కలమ్మది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పోగేసిన అంకెలను తెర మీద చుక్కలుగా, గీతలుగా, పటాలుగా మార్చడం ఆమె పని. వేలితో తాకితే చుక్క విచ్చుకుని తన సంగతి చెబుతుంది. పక్కకు జరిపితే ఏళ్ళు ముందుకూ వెనక్కూ నడుస్తాయి. మట్టి చదువు చదివినవాళ్ళకు మందుల భాష రాదు, మందులవాళ్ళకు నీళ్ళ లెక్కలు తలకెక్కవు. ఒకరి వ్యాసం ఇంకొకరి చేతికిస్తే మర్యాదకు తలూపి, గుమ్మం దాటగానే "నీకేమైనా బోధపడిందా?" అని పక్కమనిషిని అడుగుతారు. అలాంటివాళ్ళను ఒక్క తెర ముందు కూర్చోబెట్టి ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా చేయడంలోనే ఆమెకు పదకొండేళ్ళు గడిచిపోయాయి. ఎందరెందరి తగువులో చూసింది గానీ, సొంత అక్కతో పని పడటం మాత్రం అదే మొదలు.

అక్క అదే భవనంలో కింది అంతస్తు. ఊరంతా ఆమెను గబ్బిలాల మేడమ్ అంటుంది. చెల్లెలి కంటే నాలుగేళ్ళు పెద్ద. గొంతు మాత్రం ఇంకో పదేళ్ళు పెద్ద. మనిషి వరండా మలుపు తిరగకముందే మాట వచ్చి వాలుతుంది. ఊరికి అడ్డంగా పారే పెద్దకాలువ గట్టు పొడవునా స్తంభాలకు రికార్డర్లు కట్టించి, మనిషి చెవికి అందని గబ్బిలాల కూతలను ఆరేళ్ళుగా లెక్కిస్తోంది. చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడే పని అక్కది, బొమ్మలేసుకునే పని చెల్లెలిది. పెద్దయ్యాక కూడా ఆ పంపకం పెద్దగా మారలేదు.

కాలువకు దిగువనున్న పేటల్లో ఏటా ఒకే కాలంలో దోమల జ్వరాలు విరుచుకుపడుతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఒకరోజు డైరెక్టరుగారు నలుగురిని పిలిచారు. గబ్బిలాల మేడమ్, ప్రభుత్వాసుపత్రి జ్వరాల డాక్టరు, కాలువల ఇంజనీరు, చుక్కలమ్మ.

"మీ ముగ్గురి దగ్గరా ఆరేసి ఏళ్ళ లెక్కలున్నాయి. మూడూ మూడు బీరువాల్లో నిద్రపోతున్నాయి," అన్నారాయన. "అమ్మా, వాటిని ఒక్క తెర మీదకు తీసుకురా. ఎనిమిది వారాల్లో పురపాలక సంఘం హాల్లో పెడదాం. చదువుకున్నవాళ్ళే కాదు, దారిన పోయే మనిషి కూడా వేలు పెట్టి చూసుకునేట్టుండాలి."

చుక్కలమ్మ వారం రోజుల్లో ముసాయిదా బొమ్మ ఒకటి తయారుచేసి ముగ్గురినీ తన గదికి పిలిచింది. తెర మీద ఊరి పటం వెలిగిందో లేదో, డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకునే మనిషి.

"ఆ గట్టు పక్క అంత ఎర్రగా ఉందేంటి? అన్ని కేసులా? నాకెవరూ చెప్పలేదే!" అంటూ ఫోన్ తీసి ఆసుపత్రికి చేయబోయాడు.

"కంగారుపడకండి డాక్టరుగారూ, అవి గబ్బిలాలు," అంది అక్క. "ఎంత ఎర్రగా ఉంటే అంత మంచిది. సంతోషించండి."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. బండలాంటి మనిషి, మాట మాత్రం పొదుపు. "మా దగ్గర ఎరుపంటే కాలువ ఎండిపోయిందని," అన్నాడు. "నేను సెలవు చీటీ రాసుకోవాలేమో అనుకున్నా."

ఎరుపు ఎవరికి చెందాలనే దాని మీద ముప్పావుగంట గడిచింది. డాక్టరు తన ఎరుపు వదలనన్నాడు. అక్క తన వ్యాసాలన్నీ ఎరుపులోనే అచ్చయ్యాయంది. చివరికి చుక్కలమ్మ, "ఎరుపు ఎవరికీ లేదు. గబ్బిలాలు ఊదా, నీళ్ళు నీలం, జ్వరాలు నారింజ," అని తేల్చేసరికి ముగ్గురూ సమానంగా అలిగారు. అందరూ ఒకేలా అలిగారంటే పంపకం సరిగ్గా ఉన్నట్టేనని ఆమె అనుభవం.

అసలు పేచీ ఆ తర్వాత మొదలైంది. ఒకే తేదీ దగ్గర మూడు గీతలూ పొసగడం లేదు. ఎందుకా అని తవ్వితే, ముగ్గురికీ రోజు ఒకచోట మొదలవదని బయటపడింది. ఇంజనీరు రోజు పొద్దున్న ఆరింటికి నీటిమట్టం చూసినప్పుడు మొదలవుతుంది. అక్క రోజు చీకటిపడ్డాక మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. అదంతా ముందురోజు తేదీ కిందే రాస్తుంది. డాక్టరు రోజు రోగి ఆసుపత్రి మెట్లెక్కినప్పుడు.

"మెట్లెక్కేసరికి జ్వరం వచ్చి ఎన్నాళ్ళయి ఉంటుంది?" అని అడిగింది చుక్కలమ్మ.

"మూడు రోజులు. ఒక్కొక్కరికి నాలుగు. కొందరు మొండివాళ్ళు, వారం," అన్నాడు డాక్టరు. "దోమ కుట్టింది దానికీ ముందెప్పుడో."

"అయితే మీ తేదీ అసలు తేదీయే కాదన్నమాట," అంది అక్క.

"మీది మాత్రం? అర్ధరాత్రి దాటాక కూసిన గబ్బిలాన్ని నిన్నటి ఖాతాలో వేస్తున్నారు కదమ్మా!"

"గబ్బిలాలకు అర్ధరాత్రి అంటే మధ్యాహ్నం లెక్క. వాటి భోజనం మధ్యలో తేదీ మార్చమంటారా?"

ఇంజనీరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నా రోజు సరిగ్గానే ఉంది," అన్నాడు. ఇద్దరూ ఒక్కటై ఆయన మీద పడ్డారు.

ఆ ఆదివారం అక్క చెల్లెలింటికి వచ్చింది. అమ్మ చుక్కలమ్మ దగ్గరే ఉంటుంది. జీవితమంతా బట్టలు కుట్టి ఇద్దరు కూతుళ్ళను చదివించిన మనిషి. ఇప్పుడు కూడా కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని, వీధిలోవాళ్ళ గౌన్లూ చొక్కాలూ సరిచేసి పెడుతూ ఉంటుంది. అక్క టీ గ్లాసు పట్టుకుని తన సిద్ధాంతం వివరించడం మొదలెట్టింది. కాలువ గట్టున గబ్బిలాలు తగ్గిన మూడున్నర వారాలకు జ్వరాలు పెరుగుతున్నాయి. గబ్బిలాలు దోమల్ని తింటాయి. తినేవి తగ్గితే దోమలు పెరుగుతాయి, దోమలు పెరిగితే జ్వరాలు పెరుగుతాయి. గబ్బిలాల్ని కాపాడండి, జ్వరాలు పోతాయి. చాలా అందమైన వాదన. పత్రికలవాళ్ళు కూడా ఒకసారి రాశారు.

"అందుకని, జ్వరాల గీతని మూడున్నర వారాలు వెనక్కి జరిపి అక్కడే బిగించెయ్," అంది. "రెండూ ఎంత చక్కగా కలుస్తాయో జనానికి కనపడాలి."

"ఇంజనీరుగారి గీత ఏమైపోవాలి?"

"నీళ్ళదేముంది? అడుగున ఎక్కడో నీలంగా పడుంటుంది."

"అక్కా, అలా ఒకరి కోసం బిగించెయ్యకూడదు."

"ఏమే, నువ్వు నా చెల్లెలివా, వాళ్ళ చెల్లెలివా?"

 అక్క అలా అడిగితే చుక్కలమ్మకు తను ఏడేళ్ళ పిల్ల అయిపోయినట్టుంటుంది. అప్పుడు అమ్మ మిషను తొక్కడం ఆపింది.

"ఒక్క గౌను మీరిద్దరూ వేసుకున్న రోజులు గుర్తున్నాయా?" అంది చిన్నకూతురి వైపు తిరిగి. "అది బొద్దుగా ఉండేది, నువ్వు పుల్లలా ఉండేదానివి. కొలత ఎవరిదని నేనేమన్నా కొట్లాట పెట్టుకున్నానా? లోపల గుడ్డ ఎక్కువ వదిలి కుట్టాను. ఎవరు తొడుక్కున్నప్పుడు వాళ్ళకు తగ్గట్టు వదులు చేశాను, బిగించాను. అయినా నాకెందుకులే మీ గొడవ." మళ్ళీ తొక్కడం మొదలెట్టింది.

"బొద్దుగా అన్నది ఎవర్ని?" అంది అక్క.

చుక్కలమ్మ మనసు మాత్రం ఆ మాట దగ్గరే నిలిచిపోయింది. రోజు ఎక్కడ మొదలవుతుందో తను తేల్చాల్సిన పనేముంది? ఎవరి గీతను వాళ్ళే జరుపుకునేట్టు చేస్తే సరిపోదా? సోమవారం పొద్దున్నే కూర్చుంది. తెర అడుగున మూడు సన్నని పట్టాలు గీసి, ఒక్కోదాని మీద ఒక్కో గుండీ పెట్టింది. ఊదా గుండీ జరిపితే గబ్బిలాల తేదీలు జరుగుతాయి. నారింజ గుండీ జరిపితే జ్వరాలవి. నీలం గుండీ నీళ్ళది. ఏ గీత ఎన్ని రోజులు జరిగిందో పక్కన అంకె పడుతుంది. కాబట్టి ఎవరూ ఎవరినీ మోసం చేయలేరు. పైన ఆరేళ్ళకు ఆరు గడులు. ఏ గడిని నొక్కితే ఆ ఏడు తెర మీదకు వస్తుంది, మళ్ళీ నొక్కితే పోతుంది.

తర్వాతి రెండు వారాలూ మనుషుల చేత ఆ బొమ్మను ముట్టించడంతోనే సరిపోయింది. ఇంజనీరు వేలు పెడితే ఒక చుక్కకు బదులు మూడు విచ్చుకున్నాయి. "వేలు కోయించుకోమంటారా?" అన్నాడాయన దిగులుగా. చుక్కలమ్మ చుక్కలు పెద్దవి చేసింది. డాక్టరు వచ్చి ఒక్కో జ్వరం ఒక్కో ఇంటి మీద చుక్కగా ఉండటం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఫలానా ఇంట్లో జ్వరమని వీధంతా చెప్పుకుంటారమ్మా. రోగులు నన్ను నమ్మి వచ్చారు." ఆ మాట నిజమే. ఇళ్ళ చుక్కలు తీసేసి పేటకొక వలయం పెట్టింది; కేసులు పెరిగితే వలయం ఉబ్బుతుంది. అక్క మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. "నీ మీద నమ్మకముందిలే" అని ఫోన్లో అనేది.

ముగ్గురూ కలిసి చూడాల్సిన రోజుకు ముందురోజు, చుక్కలమ్మ ఆఖరిసారి అన్నీ సరిచూసుకుంటూ ఆరు గడులూ ఒక్కొక్కటే నొక్కింది. నాలుగో ఏడు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ ఏడు గట్టు పక్కనున్న పాత గోదాము పైకప్పు కూలింది. అందులో కాపురమున్న గబ్బిలాలు చెల్లాచెదురయ్యాయి. ఊదా గీత మిగతా ఏళ్ళ కంటే రెండు నెలలు ముందే నేలకు దిగిపోయింది. అక్క లెక్క ప్రకారం జ్వరాలు కూడా రెండు నెలలు ముందే లేవాలి. లేవలేదు. నారింజ వలయాలు ఎప్పుడూ ఉబ్బే వేళకే ఉబ్బాయి. అక్క తన వ్యాసాల్లో ఆ ఏడాదిని మినహాయించింది. కప్పు కూలిన ఏడు మామూలు ఏడు కాదని కింద చిన్న అక్షరాల్లో రాసింది కూడా.

చుక్కలమ్మ వెంటనే ఫోన్ చేసింది. "అక్కా, రేపటికి ముందు ఒక్కసారి పైకొచ్చి చూడవూ?"

"నాకు తెలియని గబ్బిలాలా? రేపు చూస్తాలే. ఇప్పుడు విద్యార్థులున్నారు."

"అది కాదక్కా, నాలుగో ఏడు..."

"ఆ గోదాము సంగతేగా? అది లెక్కలోకి రాదు." ఫోన్ పెట్టేసింది.

గడి తీసేద్దామా అన్న ఆలోచన చుక్కలమ్మకు రాకపోలేదు. ఒక్క నొక్కుతో పోతుంది, ఎవరూ అడగరు. మునివేళ్ళు ఆ మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. కంప్యూటరు ఆపేసి ఇంటికి వెళ్ళిపోయింది. 

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు డైరెక్టరుగారు, డాక్టరు, ఇంజనీరు, అక్క, అక్క విద్యార్థులు ఇద్దరు గదిలో సర్దుకున్నారు. తెరను బల్లలా పడుకోబెట్టి ఉంచింది చుక్కలమ్మ, చుట్టూ నిలబడి అందరూ వేలు పెట్టేలా. అక్క అందరికంటే ముందు చేతులు చాపింది. ఐదు ఏళ్ళు తెర మీద పెట్టి, నారింజ గుండీ పట్టుకుని ఇరవై నాలుగు రోజులు వెనక్కి జరిపింది. ఊదా గీత పడిన చోటల్లా నారింజ గీత లేచింది. తూకం వేసినట్టు కలిశాయి.

"చూశారా!" అంది. గదిలో అందరూ "ఆహా" అన్నారు. నిజంగానే చూడముచ్చటగా ఉంది.

డాక్టరు వంగి చూసి జేబు తడుముకున్నాడు. "పైన ఆరు గడులున్నాయి. ఒకటి వెలగడం లేదు. అదేం పాపం చేసింది?"

"గోదాము కూలిన ఏడు. దాన్ని పట్టించుకోనవసరం లేదు. కావాలంటే చూడండి," అంటూ అక్కే నొక్కింది.

గీతలు కదిలాయి. ఊదా గీత రెండు నెలల ముందే పడిపోయి అలాగే పడుకుంది. నారింజ గీత దాన్ని గుర్తుపట్టనట్టే దాటిపోయి, ఎప్పటి వేళకు అప్పుడే లేచింది. అక్క గుండీని అటు జరిపింది, ఇటు జరిపింది. ఆ ఏటిని కలిపితే మిగతా ఐదూ చెదిరిపోతున్నాయి.  

అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నారింజ గుండీని సున్నా దగ్గరకు తెచ్చి, "ఇంజనీరుగారూ, మీ నీలం గుండీ ఒకసారి జరపండి," అంది, ఎన్నడూ లేనంత నెమ్మదిగా.

ఇంజనీరు బొటనవేలితో జాగ్రత్తగా జరిపాడు. ఏటా పూడిక తీయడానికి కాలువ తలుపులు ఎనిమిదీ ఒకేసారి మూస్తారు. రెండు వారాలపాటు ప్రవాహం ఆగిపోతుంది. మూసిన రోజును ఇరవై ఎనిమిది రోజులు ముందుకు జరిపేసరికి, నీలం గీత పడిన చోటల్లా నారింజ గీత లేచింది. ఆరేళ్ళూ. గోదాము కూలిన ఏడు కూడా. పనివాళ్ళు ఆలస్యంగా వచ్చి తలుపులు ఆలస్యంగా మూసిన ఏడు జ్వరాలు కూడా అన్ని రోజులే ఆలస్యంగా వచ్చాయి.

"తలుపులు మూస్తే పిల్లకాలువల్లో నీళ్ళు కదలవు," అన్నాడు ఇంజనీరు పాలిపోయిన మొహంతో. "గుంటలు గుంటలుగా నిలిచిపోతాయి."

"దోమలు పుట్టి, ఎదిగి, కుట్టి, జ్వరమొచ్చి, మనిషి నా మెట్లెక్కేసరికి నాలుగు వారాలు," అన్నాడు డాక్టరు వేళ్ళ మీద లెక్కపెడుతూ. "సరిపోయింది."

అక్క బల్ల వదిలి, ఎవరితోనూ ఏమీ అనకుండా గబగబా బయటకు నడిచింది. చుక్కలమ్మ రెండు నిమిషాలు ఓర్చుకుని వెనకాలే పరిగెత్తింది. అక్క కింది అంతస్తు సామాను గదిలో నేల మీద గొంతుక్కూర్చుని, అలమారాలోంచి రికార్డర్లు తీసి సంచీలో కుక్కుతోంది.

"నీకు ముందే తెలుసా?" అంది తల ఎత్తకుండా.

"నిన్న తెలిసింది. ఫోన్ చేశాగా."

"గట్టిగా చెప్పొచ్చు కదే!"

"నీ దగ్గర గట్టిగా మాట్లాడే సందు నాకెప్పుడు దొరికిందక్కా?"

అక్క చేతులు ఆగాయి. చెల్లెలి వంక చూసింది. పెదవులు బిగించి కోపం తెచ్చుకోబోయింది గానీ, అది మధ్యలోనే దారి తప్పి నవ్వైపోయింది. సామాను గదిలో సామానంతా అదిరేలా నవ్వింది. "అదీ నిజమే," అని కళ్ళు తుడుచుకుంది. "ఆరేళ్ళు నా మాట నేనే విన్నాను. ఆ గడి నొక్కాను కదా, ఆ తర్వాత ఒకటే ఆలోచన. తలుపులు మూస్తే దోమలన్నీ పిల్లకాలువల దగ్గర పుడుతున్నాయి. మరి నా గబ్బిలాలు గట్టున ఎందుకుంటాయి? అవి తగ్గలేదే, భోజనానికి వేరే చోటికి పోయాయి! నేనేమో ఇక్కడ ఖాళీ కంచాలు లెక్కపెడుతూ అయ్యో అయ్యో అని ఏడుస్తున్నా. పట్టుకో ఆ సంచీ."

"ఇప్పుడే?"

"తలుపులు వచ్చే వారమేగా మూసేది! పద."

పన్నెండు రికార్డర్లు పిల్లకాలువల వెంబడి కట్టారు. తలుపులు మూసిన ఐదో రోజుకల్లా అక్కడ గబ్బిలాల కూతలు ఏడింతలయ్యాయి. గట్టున ఎంత తగ్గాయో ఇక్కడ దాదాపు అంత పెరిగాయి. అక్క ఆ అంకెలు పట్టుకుని మూడో అంతస్తుకు వచ్చి, "ఈ ఊదా గీత కూడా చేర్చు. నా తప్పు జనానికి బాగా కనపడాలి, చిన్న అక్షరాల్లో వద్దు," అంది.

పురపాలక సంఘం హాల్లో బొమ్మ పెట్టిన రోజు చుక్కలమ్మ ఒక మూల నిలబడి మనుషుల చేతులనే చూసింది. పళ్ళమ్మే ఆవిడ మొదట తన పేట వలయాన్ని వెతికి పట్టుకుంది. అది ఉబ్బి తగ్గడం నాలుగుసార్లు చూసి, "ఇదిగో, మా ఆయన పడకేసింది ఈ ఏడే," అని చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే నీలం గుండీ జరిపి, సూటిగా ఇంజనీరు వైపు తిరిగింది.

"ఎనిమిదీ ఒక్కసారే ఎందుకు మూస్తారయ్యా?"

ఇంజనీరు తన ఉద్యోగ జీవితంలోకెల్లా పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. "నేను చేరకముందు నుంచీ అలాగే మూస్తున్నారమ్మా. ఎందుకని నేనూ అడగలేదు. రెండేసి చొప్పున మూసినా పూడిక తియ్యొచ్చు. నెల ఎక్కువ పడుతుంది, అంతే. ఈ ఏటికి నిలిచిన నీళ్ళు తోడించేస్తాం. వచ్చే ఏటి నుంచి రెండేసి." చెప్పి, చెమట తుడుచుకుని, మంచినీళ్ళు తాగాడు. పళ్ళావిడ సరేనన్నట్టు తలూపింది.

మరుసటి ఏడు తలుపులు రెండేసి చొప్పునే మూశారు. ఆ కాలంలో ఆసుపత్రి మెట్లెక్కిన జ్వరాలు అంతకు ముందు ఏళ్ళ లెక్కలో మూడో వంతు కూడా లేవు. డాక్టరు ఆ కాగితం పట్టుకుని చుక్కలమ్మ గదికి వచ్చి, "ఒక్క ఏడు చూసి ఏమీ తేల్చకూడదు. ఇంకో రెండేళ్ళు చూడాలి. శాస్త్రం అంటే తొందరపడకపోవడం," అని గంభీరంగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ మొహం నిండా నవ్వే. వెళ్తూ వెళ్తూ బిస్కెట్ల డబ్బా బల్ల మీద మరిచిపోయినట్టు పెట్టి వెళ్ళాడు.

వ్యాసం కూడా అచ్చయింది. పేర్లలో అక్క తన పేరు రెండోదిగా వేసి చెల్లెలి పేరు ముందు పెట్టింది. ముద్రణకు పోయేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చుక్కలమ్మ వెళ్ళి అడిగితే, "అచ్చుతప్పై ఉంటుంది," అని వేరే మాటలోకి దిగిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అక్క ఆమెను పిల్లకాలువ దగ్గరకు లాక్కెళ్ళింది. ఆరేళ్ళ గబ్బిలాలకు బొమ్మ వేసిన చుక్కలమ్మ ఒక్క గబ్బిలాన్ని కూడా సరిగ్గా చూడలేదని తెలిసి అక్కకు మతిపోయింది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. ఇద్దరూ వంతెన మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు. అక్క చేతిలోని చిన్న పెట్టె గబ్బిలాల కూతలను మనిషి చెవికి అందేలా దించుతుంది. మొదట టిక్కుమని ఒకటి వినిపించింది. ఆ తర్వాత పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు వరసగా టపటపలు. నీళ్ళ మీదుగా నల్లటి రెక్కలు రెండు అంగుళం ఎత్తున దూసుకొచ్చి, వంతెన దగ్గర చటుక్కున పైకి లేచాయి. చుక్కలమ్మ "అమ్మో!" అని వంగిపోయింది.

"నిన్నేం చెయ్యదే. అదిగో, ఇంకోటి. తల ఎత్తి చూడు," అంది అక్క, చెల్లెలి భుజం పట్టుకుని.